కోడి సరే, మొహం చూడండి

సరస్సు ఒడ్డునున్న పాయెతె ఊళ్లో ఉలి పట్టడం రాని మగవాడు కనిపించాడంటే, వాడు పక్క ఊరినుంచి వచ్చిన ఇల్లరికపు అల్లుడై ఉంటాడు. పొద్దున ఏ సందులోకి తొంగిచూసినా కొయ్యమీద సుత్తి చప్పుడే. చర్చి గంట కూడా ఆ చప్పుడులో సందు చూసుకునే మోగుతుంది. అంతమంది పనివాళ్లున్న ఊళ్లో ఒకడికి పేరు రావడమంటే మాటలు కాదు. లాదిస్లావొకి వచ్చింది, కానీ అది అతను కోరుకున్నది కాదు. ఊరంతా అతన్ని చేతుల లాదో అంటుంది.

ఇందులో ఎగతాళి ఎంతో, నిజమూ అంతే. పునీతుల విగ్రహాలకు మొహం చెక్కేవాడు ఒకడు, మిగతావి చెక్కేవాడు మరొకడు. ఊళ్లో మొహాలన్నీ పోన్సో మేస్త్రివి. లాదో పెళ్లి కాకముందు ఆ పోన్సో పనిశాలలో ఒక మూల కూర్చున్నాడు. తల నెరిసినా ఆ మూలలోనే ఉన్నాడు. చేతులు, పాదాలు, గొర్రెపిల్లలు, గాడిదలు, మేరీమాత కాలికింద నలిగే పాములు, ఇవీ అతని వంతు. జనం వచ్చి ముద్దుపెట్టుకునేది లాదో చెక్కిన చేతిని. తలెత్తి కన్నీళ్లు పెట్టుకునేది పోన్సో చెక్కిన మొహాన్ని చూసి. ఇది అన్యాయమని లాదోకి గట్టి నమ్మకం.

అన్యాయమే మరి. పోన్సో చెక్కిన పునీతులందరూ పైకే చూస్తుంటారు, ఇంటికప్పు ఎక్కడ కారుతోందో వెతుకుతున్నట్టు. ఆ మాట లాదో ఒకసారి జిన్ను పుచ్చుకున్న ఉత్సాహంలో పైకే అనేశాడు. అది మర్నాటికల్లా పోన్సో చెవిన పడింది. ఆ ఏడాదంతా లాదోకి గాడిదలు తప్ప మరో పని రాలేదు.

ఇలా రోజులు వెళ్లదీస్తుండగా, ఒక ఏడు ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలంలో కపితానా లోలెంగ్ ఇంట్లో సాన్ పెద్రోకి చెదలు పట్టాయి.

లోలెంగ్ ఒకప్పుడు ఆ పేటకు పెద్దగా చేసింది. పదవి పోయినా గొంతు పోలేదు కాబట్టి అందరూ ఇప్పటికీ కపితానా అనే పిలుస్తారు. సాన్ పెద్రో అంటే, ఏసును నేనెరగనని బొంకి, కోడి కూయగానే కుమిలిపోయిన పేతురు. ఆ విగ్రహం కపితానా తాతల నాటిది. పవిత్ర వారంలో బుధవారంనాటి ఊరేగింపులో ఆ ఇంటి రథం వెళ్లి తీరాలి. ఒక్క ఏడు తప్పితే వరసలో ఆ చోటు కోసం కాచుకున్న ఇళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి. కపితానా బీరువా తెరిచి పెద్రో గడ్డం తుడవబోతే, గడ్డం కాస్తా పొడై ఆమె గుడ్డలోకి రాలింది.

ఆమె తిన్నగా పోన్సో దగ్గరికి వచ్చింది.

"చేతినిండా పని ఉంది కపితానా. వచ్చే ఏడాదికి చేద్దాం," అన్నాడు పోన్సో, తేనె పూసిన గొంతుతో.

"వచ్చే ఏడాదికి నేనుంటానో లేదో ఎవడు చూశాడు? పెద్రో తాళంచెవులు పుచ్చుకుని పైన స్వర్గం గుమ్మంలోనే నిలబడి ఉంటాడయ్యా. నా బొమ్మ ఏదే అని అడిగితే ఏం చెప్పను, నీ పేరు చెప్పనా?"

పోన్సో నవ్వి తల గోక్కున్నాడు. అప్పుడు మూలనుంచి, గాడిద చెవి మీద నుంచి ఉలి తీయకుండానే, లాదో అన్నాడు. "నేను చేస్తాను కపితానా."

"నువ్వు గాడిదలు కదూ చేసేది?"

"మొహం కూడా చేస్తాను."

"గాడిద మొహమా?"

పనిశాల అంతా ఘొల్లుమంది. లాదో చెవులు ఎర్రబడ్డాయి కానీ మాట వెనక్కి తీసుకోలేదు. కపితానాకి కూడా వేరే దారి లేదు. అతన్ని ఎగాదిగా చూసి షరతులు పెట్టింది. "గడ్డం ఒత్తుగా ఉండాలి. మొహంలో పశ్చాత్తాపం ఉండాలి. కోడి మాత్రం చిన్నది. ఉందంటే ఉందన్నట్టు ఉండాలి, అంతే."

కోడి సంగతి ఊరంతా ఎరిగిందే. ఆమె మొగుడు బాందొంగ్‌కి ఒక జీపు ఉండేది. అందులో మనుషుల్ని ఎక్కించుకుని సాంత క్రూస్ దాకా తిప్పేవాడు. ఒక ఆదివారం ఆ జీపు కోడిపందేల బరికి వెళ్లింది, బాందొంగ్ మాత్రం నడిచి ఇంటికొచ్చాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో కోడి కూర వండరు, కోడి మాట ఎత్తరు. గుడ్లు తింటారు కానీ అవి ఎవరు పెట్టారన్న ప్రస్తావన రానివ్వరు. బాందొంగ్ పోయి కొన్నేళ్లయినా ఆ పట్టింపు పోలేదు. పాత విగ్రహం కాళ్ల దగ్గరున్న కోడి అచ్చం పావురంలా ఉండేది కనుక ఆమె దాన్ని ఇన్నాళ్లు సహించింది.

లాదో ఇంటి వెనక రేకుల పాకలో పని మొదలుపెట్టాడు. పసుపుపచ్చటి బాతికులింగ్ దుంగ తెచ్చుకున్నాడు. మెత్తటి కొయ్య, ఉలి పెడితే వెన్నలా దిగుతుంది. ఇంటిముందు అతని భార్య ప్రిసింగ్ జిగురు, పాత కాగితాలు పెట్టి సంతలో అమ్మే ఎర్ర గుర్రాలు చేసుకుంటోంది. పెద్రో చేతులు చప్పున అయిపోయాయి, అవి అతని చేతులకు అలవాటేగా. మొహం దగ్గరే బండి ఆగిపోయింది.

ఇన్నేళ్లూ మొహం మొహం అని కలవరించినవాడికి, తీరా దుంగ ఎదురుగా పెట్టుకుంటే ఎవరి మొహం చెక్కాలో తోచలేదు. పోన్సోలాగా పైకి చూసే మొహం చచ్చినా చెక్కడు. ఊరిమీద పడ్డాడు. చేపలమ్మేవాణ్ని తేరిపార చూస్తే, వాడు తూకం అనుమానమనుకుని ఇంకో చేప వేశాడు. మంగలి దగ్గర కూర్చుని అద్దంలో మంగలిని చూస్తే, వాడికి చెయ్యి వణికి లాదో చెవి తెగింది. దుకాణం ముసలాయన్ని చూస్తే, "ఏమయ్యా, నాకేమైనా జబ్బు కనపడుతోందా?" అని ఆయన మంచం ఎక్కాడు. పశ్చాత్తాపం ఉన్న మొహం ఆ ఊళ్లో ఒక్కటీ దొరకలేదు.

ఆదివారం వచ్చింది. మొహం దొరకనంత మాత్రాన ఆదివారం బరికి వెళ్లడం మానుకుంటారా ఎవరైనా. లాదో ఎవరి డేగపుంజు మీదో పందెం కాశాడు. ఆ డేగ రెండు ఎగురులు ఎగిరి చతికిలపడింది. సాయంత్రం సరస్సు ఒడ్డున, ఓడినవాళ్లందరూ ఇంటిముఖం పట్టారు.  ఎవరి సందు దగ్గరపడుతుంటే వాళ్ల నడక మందగిస్తోంది. ఒకడైతే తన ఇంటి గేటు మీద చెయ్యి వేసి, లోపలికీ పోక వెనక్కీ రాక నిలబడిపోయాడు. లాదో ఆగి చూశాడు. తల ఒక పక్కకి వాలింది. చూపు నేలమీద ఉంది. నోరు ఒక అబద్ధం కోసం సగం తెరుచుకుంది, అబద్ధం మాత్రం రావడం లేదు. కనుబొమలు మాత్రం నిజం చెప్పేస్తున్నాయి.

లాదో పరుగున ఇల్లు చేరాడు.

"ఏం పోగొట్టుకొచ్చావు?" అంది ప్రిసింగ్, గుర్రానికి తోక అతికిస్తూ.

"పోలేదే. దొరికింది."

ఈ మాట ఆదివారం సాయంత్రం ఏ భార్యా నమ్మదు. ఆమె తోకకి ఇంకాస్త జిగురు రాసింది. అతను అన్నం కూడా తినకుండా ఉలి అందుకున్నాడు.

అలా చెక్కిన మొహం అది. ఎంత మురిసిపోయాడంటే, రంగు కూడా ఇంకొకళ్ల చేతికి ఇవ్వలేదు. కళ్లకింద కాస్త ఎరుపు వేసి, మళ్లీ తుడిచి, మళ్లీ వేశాడు. ఎవరికీ చూపించకుండా పాత దుప్పటి కప్పి ఉంచాడు, కట్టుకున్న భార్యకు కూడా. బుధవారం పొద్దున దుప్పటి తీసేసరికి ఊరు ఊరంతా నోరు తెరవాలి, పోన్సో నోరు మూయాలి. అతని జీవితంలో ఇంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఈ సంబరంలో కోడిని మరిచాడు. ఊరేగింపు ఇంకా మూడు రోజులుందనగా, మట్టల ఆదివారం నాడు గుర్తొచ్చింది. పాక గుంజకి అతని సొంత పుంజు కట్టి ఉంటుంది, పేరు హెనెరల్. అది ఇంకా బరిలో దిగలేదు. దానికి ముందు దిగినవన్నీ ఎవరెవరి కుండల్లోనో ఉడికాయి. లాదో దాన్ని ఎదురుగా పెట్టుకుని కొయ్య చెక్కేశాడు. మనసు మొహం మీద ఉంది, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

బుధవారం పొద్దున పాక ముందు జనం చేరారు. లాదో గొంతు సవరించుకుని దుప్పటి లాగాడు.

 బరిలో తీర్పులు చెప్పే మకారియొ ముందుకొచ్చి, మోకాళ్లమీద కూర్చున్నాడు. లాదో గుండె ఉప్పొంగింది. మకారియొ కూర్చున్నది ప్రార్థనకి కాదు. కొయ్య కోడి కాలు పట్టుకుని చూస్తున్నాడు.

"అబ్బ, ఏం తొడరా ఇది," అన్నాడు.

"మెడ చూడు, ఎలా దించిందో. మొదటి ఎగురులోనే పొట్ట చీల్చేసే రకం," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

"కాకిపుంజు మీదికి వదిలితే?"

"కాకి ఏం నిలబడుతుంది. సేతువ అయితే కాస్త ఆగుతుందేమో."

"ఎడమకాలికి దారం కూడా చుట్టి ఉంచాడు. ఇంక కత్తి కట్టడమే తరువాయి."

"కోడి సరే, మొహం చూడండి," అన్నాడు లాదో.

"ఆ, ఆ, బాగుంది. ముక్కు కొంచెం కోసుగా ఉందిలే. ఒరే, దీని తల్లి ఏ జాతిదంటావు?"

కొయ్యకి తల్లేమిటని అడిగే ఓపిక లాదోకి లేదు. ఇంతలో పోన్సో వచ్చాడు. జనం దారి ఇచ్చారు. అతను విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, లాదో భుజం తట్టి, "కోడి ప్రాణంతో ఉందయ్యా. జంతువుల్లో నిన్ను మించినవాడు లేడని ఎప్పుడూ అంటూనే ఉంటాను," అని వెళ్లిపోయాడు. తిట్టినా అంత మంట పుట్టేది కాదు. లాదో ఉలిపెట్టె మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, కానీ అంతమంది పందెగాళ్ల ముందు ఏడవలేక మింగేశాడు.

జనం పలచబడ్డాక ప్రిసింగ్ చేతులకి అంటిన ఎర్రరంగు తుడుచుకుంటూ వచ్చింది. ముందుగా ఆమె కన్ను కూడా కోడిమీదే పడింది.

"ఏమయ్యా, దీని జుట్టేదీ?"

"జుట్టేమిటే?"

"కోడికి నెత్తిమీద ఎర్రగా ఉంటుంది, మెడకింద వేలాడుతుంది. అవేవీ?"

లాదో కోడిని చూశాడు. గుంజకి కట్టిన హెనెరల్‌ని చూశాడు. పందెం పుంజుకి ఎదుటిది పట్టుకు లాగకుండా పిల్లప్పుడే జుట్టు కోసేస్తారు. అతను పుట్టి బుద్ధెరిగాక కన్నెత్తి చూసినవన్నీ పందెం పుంజులే. కోడికి నెత్తిమీద జుట్టు ఉంటుందన్న సంగతి నిజంగా, చిత్తశుద్ధిగా మరిచిపోయాడు. ఏసుప్రభువు కాలంలో పెద్రోకి బుద్ధి చెప్పిన కోడిని, ఆదివారం బరిలో దింపడానికి సిద్ధం చేసి నిలబెట్టాడు.

"అమ్మో, కపితానా," అన్నాడు.

కపితానా గుమ్మంలోనే ఉంది. రథానికి పూలు కట్టించి, విగ్రహాన్ని తీసుకుపోవడానికి మోసేవాళ్లను వెంటేసుకుని వచ్చింది. కోడిని చూసింది. ఆమె మొహం మీద రంగు మారడం అందరూ చూశారు.

"ఇదేమిటి?"

"కోడండీ."

"కోడని నాకు తెలీదూ? ఏ కోడి? మా తాతల నాటి పెద్రోకి పందెం కోడిని తగిలిస్తావా? నా ఇంటి రథమెక్కి, నా కళ్లముందు, ఆ దరిద్రం ఊరేగుతుందా? పెద్రోని ఇక్కడే ఉంచుకో. నువ్వూ, నీ భార్యా, నీ హెనెరలూ కలిసి పూజ చేసుకోండి."

"జుట్టు పెట్టేస్తానండీ. ఇప్పుడే, మీరు చూస్తుండగానే," అన్నాడు లాదో.  విగ్రహం కదలకపోతే ఆ మొహం మళ్లీ దుప్పటి కిందికే పోతుంది. ఆ మాట అతను పైకి అనలేదు కానీ, ప్రిసింగ్‌కి తెలిసింది. ఆమె గబగబా ఒక ముక్కాలిపీట తెచ్చి వేసింది.

"కూర్చోండి కపితానా. ఎంతసేపండీ, చిటికెలో పెట్టేస్తాడు."

కపితానా విసురుగా కూర్చుంది. కోడిని చూడకూడదని మొహం పక్కకి తిప్పుకుంటే గుంజకి హెనెరల్ కనపడింది. అటునుంచి తిప్పుకుంటే లాదో చెక్కుతున్న కోడిజుట్టు కనపడింది. ఇక చూపు పెట్టుకోడానికి ఆ పాకలో ఒక్క పెద్రో మొహమే మిగిలింది. దాన్నే చూస్తూ కూర్చుంది.

లాదో చిన్న కొయ్యముక్కలో జుట్టు చెక్కి, ఎరుపు పూసి, జిగురు రాసుకుంటున్నాడు. అప్పుడు వినపడింది కపితానా గొంతు. అది ఎప్పటి గొంతు కాదు.

"జీపేది?"

"జీపెందుకండీ, రథం లాగడానికి మనుషులున్నారుగా," అన్నాడు లాదో.

"నిన్ను కాదు."

ఆమె పెద్రోతో మాట్లాడుతోంది. "గేటు దగ్గర ఇలాగే నిలబడ్డాడు. నోరు ఇలాగే తెరిచాడు, మాట రాలేదు. నేను తలుపేసేశాను. రాత్రల్లా మెట్లమీద కూర్చున్నాడు. పొద్దున్న తలుపు తీశాను కానీ, ఆ మాట ఎత్తకుండా ఒక్కరోజు అన్నం పెట్టలేదు. పోయేదాకా దెప్పాను. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు ముండాకొడుకు. ఇలాగే, ఈ మొహమే పెట్టేవాడు."

ఆమె ఏడ్చింది. ఎవరూ చూడకూడదన్న పట్టింపు కూడా లేకుండా, ఊరేగింపు కోసం తలమీంచి పైట కొంగులా వేసుకున్న ముసుగుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చింది. మోసేవాళ్లు బయటికి పోయి నిలబడ్డారు. లాదో ఏం చెయ్యాలో తెలియక చేతిలో జుట్టు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎక్కడ దొరికిందయ్యా నీకీ మొహం?" అంది చివరికి.

అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు సగం తెరిచాడు కూడా. "బరి దగ్గర్నుంచి వచ్చే దారిలోనండీ," అన్నాడు.

ఇంక ఆకాశం విరిగి పడుతుందని ప్రిసింగ్ కళ్లు మూసుకుంది. కపితానా మాత్రం మొట్టమొదటిసారిగా కోడిని పైనుంచి కిందిదాకా చూసింది.

"దీని మూలానేగా," అంది.

"ఏమిటండీ?"

"ఈ మొహం వచ్చింది దీని మూలానేగా. ఇంత బలిసిన కోడి కూస్తేనే మనిషి ఇలా అయ్యేది. ఆ జుట్టు అవతల పారెయ్. దీన్ని మాత్రం కుడిపక్కకి తిప్పి పెట్టు, నా కంట పడకుండా. నేను ఎడమపక్క నడుస్తాను."

సాయంత్రం కొవ్వొత్తులు వెలిగాక ఊరేగింపు కదిలింది. వరసలో తన చోటు తప్పకుండా సాన్ పెద్రో వచ్చాడు. కోడి కుడిపక్కకి తిరిగి ఉందన్న కబురు అప్పటికే ఊరంతా పాకింది. మగవాళ్లందరూ వీధికి కుడిపక్కన చేరి, తొక్కుకుంటూ, కాకి మీద ఎన్ని ఎగురులు నిలుస్తుందో తేల్చుకుంటున్నారు. ఎడమపక్కన ఆడవాళ్లు మిగిలారు. పెద్రో మొహం అటే వాలి ఉంది.

రథం సంత వీధిలోకి తిరిగింది. మొదట బియ్యం కొట్టు ఆవిడ కొవ్వొత్తి పైకెత్తి పెద్రోని చూసింది. తర్వాత మెల్లిగా తల తిప్పి, వీధికి అటుపక్కనున్న తన మొగుణ్ని చూసింది. ఆమె పక్కనున్నావిడా అంతే, చేపలవాడి భార్యా అంతే, మకారియొ భార్యా అంతే. రథం వెళ్తున్న వీధి పొడుగునా ఆడవాళ్ల తలలు ముందు పెద్రో వైపు, ఆ తర్వాత మొగుళ్ల వైపు తిరుగుతూ పోయాయి.  కుడిపక్క పందేల కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మగవాళ్లు ఒక్కొక్కరే తల పక్కకి వాల్చి నేలచూపులు చూడటం మొదలెట్టారు. పోన్సో భార్య మిగతావాళ్లకన్నా ఎక్కువసేపు చూసింది. పోన్సో ఇంటికప్పు వెతుక్కుంటున్నట్టు పైకి చూశాడు.

లాదో రథం వెనకాలే నడుస్తూ ఇదంతా చూశాడు. ఊరు ఊరంతా తన మొహాన్ని చూస్తోంది. ఛాతీ పొంగి, చొక్కా గుండీలు పట్టేలా లేవు. పక్కన ప్రిసింగ్ కొవ్వొత్తి గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తోంది.

"చూశావుటే?" అన్నాడు ఉండబట్టలేక. "ఎన్ని వీధులు తిరిగానో తెలుసా ఈ మొహం కోసం. ఎవరెవరిని చూశానో."

ప్రిసింగ్ ఒకసారి పెద్రోని, ఒకసారి అతన్ని చూసింది.

"ఎందుకయ్యా అంత తిరగడం? ప్రతి ఆదివారం సాయంత్రం తలుపు తీస్తే నాకు కనపడేది ఇదేగా," అంది.

లాదో ఏదో చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది కానీ మాట రాలేదు. తల వాల్చుకుని, రథం చక్రాలు చూసుకుంటూ, ఆమె పక్కనే నడిచాడు.